మీకు తెలుసా? పట్నం పెరుగుతుంటే చుట్టూ పల్లెల్లో ఏం జరిగింది!

నర్సింహులపేట, దంతాలపల్లి, మరిపెడ, కురవి... ఈ వైపు ఊళ్లలో ఏ పెద్దవాళ్లనైనా అడగండి, 'పట్నం' అంటే ఒక్కటే. హైదరాబాద్! పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పట్నం తన గోడలు దాటుకొని బయటికి పాకింది. దాని చుట్టూ ఉన్న పల్లెలు, దానికి దూరంగా మన ఆకేరు వాగు ఒడ్డున ఉన్న పల్లెలు ఆ వందేళ్లలో ఎన్ని వింతలు చూశాయో! దొరికినవి దొరికినట్టు ఇక్కడ పోగేశాను. వరుస లేదు, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టండి.

● పట్నం చుట్టూ ఉన్న పల్లెలకు ఏకంగా ఒక జిల్లాయే ఉండేది, దాని పేరు 'అత్రాఫ్-ఎ-బల్దా'! ఆ పేరుకు అర్థమే 'నగరం చుట్టుపక్కల' అని. పైగా అది నిజాం సొంత ఖర్చులకు వదిలిన 'సర్ఫ్-ఎ-ఖాస్' భూమి కాబట్టి అక్కడి రైతు కట్టిన శిస్తు సర్కారు ఖజానాకు పోకుండా నేరుగా నిజాం గారి ఇంటి ఖజానాకు చేరేది.

● మూసీ మీద రెండో వంతెన కోసం జనం ఎన్నేళ్లు ఎదురుచూశారో ఊహించండి! పురానాపూల్ 1578లో కట్టారు, చాదర్‌ఘాట్ దగ్గర ఆలిఫెంట్ దొర వంతెన 1831లో వచ్చింది, అంటే 253 ఏళ్లు. ఇంకో వింత చెప్పనా? పురానాపూల్ హైదరాబాద్ కంటే 13 ఏళ్లు పెద్దది, ఎందుకంటే పట్నానికి పునాది పడింది 1591లో!

● 1901 జనాభా లెక్కల్లో హైదరాబాద్ నగరం మొత్తం భారతదేశంలోనే నాలుగో పెద్ద నగరం! కలకత్తా, బొంబాయి, మద్రాసు తరువాత స్థానం దానిదే, జనం 4,48,466 మంది.

● అంత పెద్ద నగరం ఉన్నా, నిజాం రాజ్యంలో ప్రతి 25 మందిలో పట్నంవాసి ఒక్కడే! 1901లో రాజ్యం మొత్తం జనాభా 1,11,41,142. అందులో అత్యధికులు పల్లెల్లోనే పుట్టి, పల్లెల్లోనే పంట పండించి, పట్నాన్ని ఒక్కసారి కూడా చూడకుండానే వెళ్లిపోయినవారు.

● ఇప్పుడు కాస్త గుండె చిక్కబట్టుకోండి. 1891 నుంచి 1901 దాకా పదేళ్లలో నిజాం రాజ్యం జనాభా 3,95,898 తగ్గింది, అదే పదేళ్లలో హైదరాబాద్ నగరం జనాభా 33,427 పెరిగింది! 1899-1900 నాటి కరువు దక్కన్ పల్లెలను ఎంత కొట్టిందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. రాజ్యంలో తగ్గిన జనం దాదాపు ఆనాటి హైదరాబాద్ నగరమంత!

● అదే సమయంలో లండన్ సంగతి తెలుసా? 1801లో పది లక్షల చిల్లర ఉన్న ఆ నగరం 1901 నాటికి శివార్లతో కలిపి 65 లక్షలకు చేరింది. మన నిజాం రాజ్యంలో ఉన్న మొత్తం జనంలో సగానికి పైగా ఒక్క ఊళ్లోనే ఉన్నట్టు.

● ఒక పటం పెద్దదైనందుకు స్థలం ఇవ్వనన్నాడు నిజాం! ఇది భలే ముచ్చట. తరువాతి కాలంలో కోఠి మహిళా కళాశాల అయిన రెసిడెన్సీ భవనానికి స్థలం కావాలని బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరాన ఉన్న తోటల నేల కొలిపించి, పెద్ద కాగితం మీద పటం గీయించి పంపాడట. నిజాం దాన్ని చూసి కుదరదు పొమ్మన్నాడు. కారణం ఏమిటని ఆరా తీస్తే, తన రాజ్యం మొత్తానికి గీసిన పటాలు కూడా ఇంతే పెద్దవి, ఇంత నేల ఎలా ఇస్తానని భయపడ్డాడని తేలింది! అదే స్థలాన్ని చిన్న చీటీ మీద గీసి మళ్లీ పంపితే సంతోషంగా ఒప్పుకున్నాడట. ఆనాటి బ్రిటిష్ అధికారి జాన్ మాల్కం రాసిపెట్టడం వల్ల ఈ కథ మనకు మిగిలింది.

● ఆ భవనం చుట్టూ పుట్టుకొచ్చిన బజార్లలో నిజాం హుకుం చెల్లేది కాదు! రెసిడెన్సీ బజార్లు బ్రిటిష్ రెసిడెంట్ అధికారం కింద ఉండేవి, 1933లో గానీ తిరిగి నిజాం చేతికి రాలేదు. ఇప్పుడు మనం గాజులకూ చీరలకూ వెళ్లే సుల్తాన్ బజార్ అందులోదే.

● సికింద్రాబాద్ మొదట గుడారాల ఊరు! నిజాంతో 1798 ఒప్పందం తరువాత బ్రిటిష్ సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఈశాన్యాన పల్లెల నడుమ ఉన్న బయలులో డేరాలు వేసింది, 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. దండు దిగిన చోటు కాబట్టి జనం నోట మాత్రం అది 'లష్కర్'గానే నిలిచింది.

● లష్కర్ బోనాల వెనక ఒక డోలీ మోసే సైనికోద్యోగి మొక్కు ఉందని చెబుతారు! 1813లో నగరంలో మహమ్మారి ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, జనం కోలుకున్నాక 1815లో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని సికింద్రాబాద్‌లో నిలిపాడనీ కథ. పల్లె పండుగ పట్నం పండుగ అయింది ఇలాగే!

● ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన మనిషి మన అడవుల్లో చలిజ్వరంతో వణికాడు! 1819లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌కు తూర్పున, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో భూమి కొలతలు తీస్తుండగా ఆయనకూ, ఆయన బలగంలో చాలామందికీ అడవి జ్వరం పట్టింది. పట్నానికి మోసుకుపోవలసి వచ్చింది. తరువాత ఆయన ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికా కొస దాకా వెళ్లాడు. 8,848 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఆ శిఖరానికి 1865లో ఆయన పేరు పెట్టారు, ఆయన మాత్రం దాన్ని కళ్లతో చూడనేలేదు. నర్సింహులపేట కూడా ఆ రెండు నదుల మధ్యదే కదా, పిల్లలూ! ఈసారి భూగోళం పుస్తకంలో ఎవరెస్ట్ పేరు కనిపిస్తే ఈ సంగతి మీ పంతులుగారికి చెప్పండి.

● ఒక్క బృందానికి ఎన్ని ఎద్దులు ఉండవచ్చు? వందా? వెయ్యా? బంజారాలు, అంటే మన లంబాడీలు, తరతరాలుగా చెప్పుకొనే లెక్క ప్రకారం భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకుల దగ్గర 1,80,000 బరువు ఎద్దులు ఉండేవట! మొగల్ సైన్యాలకు ధాన్యం మోసినవారు వీళ్లు. ఒక్కో ఎద్దుకు రెండు మీటర్ల చోటు అనుకొని వరుసగా నిలబెట్టి చూడండి, ఆ వరుస 360 కిలోమీటర్లు వస్తుంది. మొదటి ఎద్దు మచిలీపట్నం చేరినా చివరిది ఇంకా హైదరాబాద్ దాటనట్టే!

● సముద్రం లేని రాజ్యానికి ఉప్పు ఎలా వచ్చేది? ఎద్దుల వీపు మీద! లంబాడీలు కోస్తా నుంచి ఉప్పు నింపుకొని వచ్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తీసుకుపోయేవారు; వాళ్ల బిడారు రాకపోతే ఊళ్లో కూర చప్పగా ఉండాల్సిందే.

● వంద ఎద్దుల పనిని ఒక్క ఇనుప డబ్బా చేసేసింది! ఒక ఎద్దు సుమారు క్వింటాలు మోస్తుందనుకుంటే పది టన్నుల రైలు డబ్బాకు అవి వంద కావాలి. అదీ ఆ ఎద్దులు రోజుకు పది మైళ్లే నడిచేవి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా ఉన్న 132 కిలోమీటర్లకు వాటికి ఎనిమిది రోజులకు పైనే! రైలుతో పోటీ పడలేక ఎద్దుల బిడార్లు ఆగిపోయాయి, తిరిగే తండాలు నిలిచే తండాలయ్యాయి. మానుకోట చుట్టుపక్కల ఇన్ని తండాలు ఎందుకున్నాయని ఎప్పుడైనా అనిపించిందా? ఆ ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఈ ఎద్దుల కథే. వాళ్ల పాటల్లో, కుట్టుపనిలో, గోర్‌బోలి మాటల్లో ఆ దారులన్నీ ఇంకా బతికే ఉన్నాయి. అవి వినగలిగినవారు ఇంకా ఉండగానే పిల్లలు అడిగి తెలుసుకోవాలని నాకు గట్టి కోరిక.

● పట్నానికి మొదటి రైలు తూర్పు నుంచి రాలేదు, పడమటి నుంచి వచ్చింది! 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా లైను తెరిచారు. ఓరుగల్లుకు రైలు కూత 1886లో గానీ వినిపించలేదు, బెజవాడ దాకా పట్టాలు 1889లో కలిశాయి. మానుకోట, డోర్నకల్ మీదుగా పోయేది ఆ దారే.

● రెండున్నరేళ్ల పసివాడు రాజయ్యాడు, ఒక జిల్లాకు ఇప్పటికీ ఆయన పేరే! 1866 ఆగస్టులో పుట్టిన మహబూబ్ అలీ ఖాన్ 1869 ఫిబ్రవరిలో నిజాం అయ్యాడు. మానుకోట 'మహబూబాబాద్' అయింది ఆయన పేరు మీదనే.

● ఆ నిజాం పేరు చెబితే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారు! పాము కరిచినవారు అర్ధరాత్రి వచ్చినా తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడని చెప్పుకొంటారు. పల్లెల్లో పొలం గట్ల మీద పాము భయంతో బతికే జనానికి రాజు మీద అంత ప్రేమ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. (పిల్లలూ, పాము కరిస్తే మంత్రం కోసం చూడకండి, వెంటనే ఆసుపత్రికి!)

● ఆ నిజాం గారి బట్టల బీరువా పొడవు 176 అడుగులు! పురానీ హవేలీలో రెండంతస్తుల ఎత్తున ఉంటుంది, పై అరలకు చేరడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఊళ్లో ఒక రైతు బట్టలన్నీ దండెం మీద రెండు మూరల్లో పట్టే రోజులవి!

● పొయ్యిరాయి మండింది! భద్రాచలం యాత్రకు పోతున్న భక్తులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్లు పెట్టి వంట చేసుకుంటే రాళ్లకే నిప్పంటుకుందని అక్కడివాళ్లు చెప్పుకొనే కథ. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఆ రాళ్లు బొగ్గని తేల్చాడు, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు!

● మీ ముత్తాత పుట్టిన ఏడు 1310 అని పాత కాగితంలో కనిపిస్తే కంగారుపడకండి! అది ఫసలీ సంవత్సరం, అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. దానికి 590 కలిపితే 1900 వస్తుంది. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్... పట్వారీ దస్తరం నిండా ఈ పార్సీ నెలలే. ఇంట్లో పాత పహాణీ ఉంటే తీసి చూడండి, ఏ నెల దొరుకుతుందో!

● పట్నం నుంచి మద్రాసుకు పోతే ఏడు రూపాయలు ఆరయ్యేవి! నిజాం హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిష్ రూపాయలు ఆరు మాత్రమే వచ్చేవి, అందుకే సరిహద్దు సంతల్లో మారకం చేసే షావుకారుకు ఎప్పుడూ చేతినిండా పని.

● రైతు తెలుగు మాట్లాడతాడు, సర్కారు పార్సీలో రాస్తుంది! రాజ్యంలో నూటికి 46 మంది తెలుగువాళ్లు, కానీ 1884 ప్రాంతం దాకా రాజభాష పార్సీ, ఆ తరువాత ఉర్దూ. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు నూటికి పదిమంది.

● మరి చదవగలిగేవారు ఎంతమంది? 1901లో నూటికి ముగ్గురే! అందుకే ఊళ్లో ఉత్తరం వస్తే చదివిపెట్టే మనిషి చుట్టూ అంత గుంపు.

● ఆ ఉత్తరం మీద స్టాంపులో మాత్రం తెలుగు ఉంది! 1871లో వచ్చిన హైదరాబాద్ తపాలా బిళ్ల మీద వెలను ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగు లిపుల్లోనూ అచ్చు వేశారు. అంత చిన్న కాగితం ముక్క మీద నాలుగు లిపులు!

● తెలంగాణ పల్లెలన్నిటి శిస్తు లెక్కలు పట్నంలో ఒకే కుటుంబం చేతిలో ఉండేవి! మాల్వాలా అనే కాయస్థ కుటుంబం తెలంగాణ దస్తరాలను, రాయ్‌రాయన్ అనే మరాఠీ బ్రాహ్మణ కుటుంబం మరాఠ్వాడా దస్తరాలను తరతరాలుగా చూసుకునేవి. ఏ చెరువు కింద ఎంత పండిందో ఆ ఇంట్లో అడగాలి!

● గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చున్న అధికారి కథ విన్నారా? కొత్త పదవి దక్కించుకొని రాజధాని వదిలి పోతూ, తన చోటికి ఇంకొకరు వెంటపడి వస్తున్నారేమోనని దారిపొడుగునా వెనక్కే చూశాడట! మొగలుల నాటి నుంచి వస్తున్న ముచ్చట ఇది. దివాన్ చందూలాల్ రోజుల్లో శిస్తు వసూలును ఎక్కువ పాడినవారికి గుత్తకు ఇచ్చేవారు. గుత్త ఎప్పుడు ఊడుతుందో తెలియని మనిషి దొరికినంత దండుకుంటాడు కదా, ఆ భారమంతా పడింది పల్లెల మీదే.

● ఈ గుత్తల చెర నుంచి ఊళ్లను కాపాడాలని ఒక బ్రిటిష్ రెసిడెంట్ తన మనుషులను పల్లెల మీద పర్యవేక్షకులుగా పెట్టాడు! 1820లో వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ చేసిన ఏర్పాటు అది. 1829లో కొత్త నిజాం నాసిరుద్దౌలా రాగానే వాళ్లందరినీ వెనక్కి పిలిపించాడు.

● 24 ఏళ్ల కుర్రవాడు రాజ్యం పగ్గాలు పట్టాడు! 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ గుత్తలు తీసేసి, 1867 నాటికి రాజ్యాన్ని 5 సుబాలు, 17 జిల్లాలుగా చేశాడు. ఔరంగాబాద్ నుంచి మన వరంగల్ దాకా అంతా కలిపి 17 జిల్లాలే, ఇప్పుడు ఒక్క తెలంగాణకే 33!

● ఆ రాజ్యం ఎంత పెద్దదో తెలుసా? 82,698 చదరపు మైళ్లు! ఇంగ్లండునూ స్కాట్లండునూ కలిపి పక్కన పెట్టినా ఇంకాస్త మిగులుతుంది.

● అయిదు వేల రూపాయల తల తూప్రాన్ అడవిలో దొరికింది! 1857 జూలై 17న రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నాడు. సర్కారు అయిదు వేలు బహుమానం ప్రకటించింది. పట్నానికి ఉత్తరాన తూప్రాన్ దగ్గర 1859 జనవరిలో ఆయన్ను చంపారు. ఇప్పుడు కోఠిలో ఆయన పేరు మీద ఒక రోడ్డు ఉంది, ఒక స్మారక స్తూపం ఉంది. ఆ దారిన పోయినప్పుడు ఆగి చూడండి.

● 15 నెలలు, 15 పగళ్లు, 15 రాత్రులు! ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరడానికి పట్టిన కాలం ఇది. సుమారు వందమంది పరివారంతో పల్లకీలో సాగిన ఆయన కృష్ణ దాటి హైదరాబాద్, సికింద్రాబాద్ చూసి, మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. ఎక్కడ నీళ్లు బాగున్నాయి, ఏ ఊళ్లో అంగడి ఉంది, ఎక్కడ దిగడానికి చోటుంది, అన్నీ రాశాడు. పట్నం చుట్టూ పల్లెలు ఆ రోజుల్లో ఎలా ఉండేవో ఒక తెలుగువాడి కళ్లతో చూడాలంటే ఆయన కాశీయాత్ర చరిత్రను మించింది లేదు. 1838లోనే అచ్చయింది!

● హైదరాబాద్ నడిబొడ్డున ఒక ఆఫ్రికా వాడ ఉంది! వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికా అశ్వదళం తరువాత నిజాం కొలువులో చేరింది. వాళ్ల సంతతి ఉండే చోటే మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్.

● ఉస్మానియా విశ్వవిద్యాలయం నేల ఒకప్పుడు ఒక కవయిత్రి జాగీరు! మహలఖా బాయి చందా 1768లో పుట్టింది, ఉర్దూలో గజళ్ల దివాన్ (సంపుటి) అచ్చయిన మొదటి మహిళగా పేరు పొందింది. అడిక్‌మెట్ పల్లె ఆమెకు జాగీరుగా దక్కింది. మౌలాలీ గుట్ట కింద ఆమె సమాధి ఇప్పటికీ ఉంది.

● ఒక ఫ్రెంచి సైనికుడు ఊరి దేవుడిలా పూజలందుకున్నాడు! నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన రేమండ్‌ను హిందువులు మూసా రామ్ అనీ, ముస్లింలు మూసా రహీం అనీ పిలుచుకున్నారు. మలక్‌పేట దగ్గరి మూసారాంబాగ్ ఆయన పేరే.

● 21 కమానులు పక్కపక్కన నిలబడి ఒక చెరువును ఆపుతున్నాయి! 1806 ప్రాంతంలో పూర్తయిన మీరాలం చెరువు కట్ట నిటారు గోడ కాదు, నీటి వైపు ఉబ్బిన అర్ధచంద్రాల వరుస. ఇలాంటి బహుళ కమానుల ఆనకట్టల్లో ప్రపంచంలోనే తొలివాటిలో ఒకటి. రెండు వందల ఏళ్లు దాటినా కదల్లేదు!

● హుస్సేన్‌సాగర్ తవ్వడానికి అయిన ఖర్చు 2,54,636 రూపాయలని చెబుతారు! 1562 ప్రాంతపు మాట. హైదరాబాద్ పుట్టడానికి దాదాపు 30 ఏళ్ల ముందే ఆ చెరువు ఉంది.

● చెరువుల మాట వచ్చింది కాబట్టి ఒక ప్రశ్న. తెలంగాణలో మొత్తం ఎన్ని చెరువులు, కుంటలు ఉంటాయి? మిషన్ కాకతీయ కోసం లెక్కపెడితే 46,531 తేలాయి! ఊరికి ఒకటి కంటే ఎక్కువే. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంత నీరు పోవాలి, ఇది చూడటానికి ప్రతి ఊళ్లో ఒక నీరడి ఉండేవాడు. పటేలుకు పేరు, పట్వారీకి కలం, నీరడికి మాత్రం అర్ధరాత్రి వానలో కట్ట మీద కాపలా. గండి పడితే ఊరు మునుగుతుంది, తూము మరిచిపోతే పంట ఎండుతుంది. నా లెక్కలో ఊరికి అసలైన పెద్ద ఆయనే!

● పటేల్, పట్వారీ పదవులు తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా వచ్చేవి! నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా కొనసాగిన ఆ పద్ధతికి 1980వ దశకంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ముగింపు పలికింది.

● ఓరుగల్లు తివాచీ 1851లోనే లండన్ వెళ్లింది! స్ఫటిక భవనంలో జరిగిన మహా ప్రదర్శనకు 60 లక్షల సందర్శనలు జరిగాయి, అందులో మన నేతగాళ్ల పనితనం కూడా కొలువుదీరింది. ఓరుగల్లుకు రైలు రావడానికి 35 ఏళ్ల ముందు మాట ఇది! అదే ఊరి దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

● నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే పల్లెకు ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారు! దేనికి? ఉక్కు కోసం! అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కత్తులకు పెట్టింది పేరని 1820లలో ఆ ఊరు చూసిన వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు వాయ్‌సే రాశాడు.

● భారత రాష్ట్రపతి దక్షిణాది విడిది ఒకప్పుడు రెసిడెంట్ దొర ఊరి బయటి ఇల్లు! బొల్లారంలో 1860లో కట్టిన ఆ ఒంటి అంతస్తు భవనంలో గదులు 11, చుట్టూ ఉన్న స్థలం 90 ఎకరాలు.

● పట్నం చుట్టూ కోటగోడ ఉండేది, అందులో ఇప్పుడు మిగిలిన దర్వాజాలు రెండే! పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. పల్లెల నుంచి వచ్చే బండ్లకు ఒకప్పుడు పట్నం అంటే ఈ తలుపులే, రాత్రి మూశారంటే తెల్లవారేదాకా బయటే పడిగాపులు.

● ఇప్పుడు మీకొక ఆట. నాంపల్లి, చిక్కడపల్లి, నారాయణగూడ, సోమాజిగూడ, కూకట్‌పల్లి... ఈసారి పట్నం బస్సెక్కినప్పుడు కండక్టర్ అరిచే పేర్లలో 'పల్లి'లు ఎన్ని, 'గూడ'లు ఎన్ని లెక్కపెట్టండి! ప్రతి పేరు వెనకా పట్నం కడుపులో కలిసిపోయిన ఒక ఊరు ఉంది. అత్రాఫ్-ఎ-బల్దా కూడా 1948 తరువాత హైదరాబాద్ జిల్లాలో అలాగే కలిసిపోయింది.

● తెలుగు చదువుకోవడానికి పట్నంలో గ్రంథాలయం 1901లో వచ్చింది, హనుమకొండలో 1904లోనే వచ్చేసింది! శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తరువాత మూడేళ్లకే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం. రాజధాని కంటే మన ఓరుగల్లు వెనకబడింది మూడేళ్లే చూడండి!

● దోమకాటుకు ఒక అణా కూలి! మలేరియాను దోమే మోసుకొస్తుందని తేల్చడానికి రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్ దండు అంచున, బేగంపేటలో ప్రయోగాలు చేశాడు. జ్వరంతో ఉన్న హుస్సేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున తీసుకున్నాడు. 16 దోమలు కుడితే గానీ రూపాయి కాదు! 1897 ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపులో రాస్‌కు మలేరియా పరాన్నజీవి కనిపించింది, 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది.